చిల్లుల్లేని గుండీలు

పోయినవారం నన్ను డాక్టరమ్మ ఎదురుగా కూర్చోబెట్టి మీ దారిన మీరు వెళ్ళిపోయారు. నేను మాత్రం అక్కడే ఉన్నాను. మాత్రల ప్యాకెట్టు ఆవిడ చేతికిచ్చి, ఆ నోటి నుంచి ఏ మాట ఊడిపడుతుందో అని బిక్కచచ్చి చూస్తున్నాను.

కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. మాది బట్టలు ఉతికి ఇస్త్రీ చేసిచ్చే దుకాణం. వచ్చేవాళ్ళందరూ నన్ను ఇస్త్రీ అక్క అంటారు. ఇంటికి పెద్దకోడలిని, యాభై దాటినదాన్ని. నెలసరి ఆగిపోయి ఏడాది పైనే అయింది. పీడ విరగడైంది కదా అనుకునేలోపు ఒంట్లో కుంపటి రాజుకుంది. ఉన్నట్టుండి మెడ దగ్గర మొదలై ముఖమంతా సెగ, చెమట, గుండెదడ. నిద్ర లేదు గానీ కోపం మాత్రం కావలసినంత. ఓ పెద్దమనిషి కోటు మీద ఇస్త్రీపెట్టె ఆనించి మరిచిపోయిన రోజున మా ఆయనే, "పోయి ఎవరికైనా చూపించుకోవే" అన్నాడు. డాక్టరమ్మ హార్మోను మాత్రలు రాసింది. అవి వేసుకున్నాక ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య అనుకున్న కొన్ని వారాలకే, ఆగిపోయిన రక్తం మళ్ళీ కనబడింది. ఒకసారి పూర్తిగా ఆగాక మళ్ళీ కనబడితే అది ఏ జబ్బు కావచ్చో నాకూ తెలుసు. ఆ జబ్బు పేరు పైకి అనలేక లోలోపలే నలిగిపోయి, చివరికి తెగించి ఆసుపత్రికి వచ్చాను.

డాక్టరమ్మ మాత్రల్ని చిన్న పళ్ళెంలో పోసింది. ఒకటి తీసి కిటికీ వైపు పట్టుకుని దాని మీద అచ్చుగుద్దిన అక్షరాలు చూసింది.

"ఇవి నేను రాసినవి కావే" అంది.

"అదేంటమ్మా! మీరు రాసినవే. నా చేత్తో నేనే కొనుక్కున్నాను."

"అట్ట ఏది?"

"అట్టలేదమ్మా. మాత్రలన్నీ ఒలిచేసి ఇందులో పోసుకుంటాను."

"ఎందుకలాగ?"

ఎందుకంటే ఏం చెప్పను? మా అత్తగారికి మాత్రలంటే పడదు. మందులు మింగి మింగి మనుషులు లోపలంతా పాడుచేసుకుంటారని ఆవిడ గట్టి నమ్మకం. ఇంట్లో ఏ మాత్ర కంటబడినా చెత్తబుట్టలోకే. మా ఆయన షుగరు మాత్రలకే ఒకసారి ఆ గతి పట్టింది. ఇక ఆడదాని ఒంటికి సంబంధించిన మాత్ర అయితే చెప్పాలా? ఎందుకు, ఏమిటి, మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా అని వారం రోజుల ప్రశ్నలు. అందుకని నా బుర్రకి ఒక ఉపాయం తట్టింది. ఖరీదైన కోట్ల గుండీలు ఉతికే మందులో పాడవుతాయి. ముందే వాటిని కత్తిరించి, చిన్న ప్లాస్టిక్ ప్యాకెట్టులో వేసి, బట్ట నంబరు రాసిన చీటీ దారంతో కట్టి కౌంటరు కింద సొరుగులో పడేస్తాం. బట్ట ఆరాక మళ్ళీ కుడతాం. ఆ సొరుగు నిండా ఎప్పుడూ అలాంటి ప్యాకెట్లే. ఏ కోటుకీ లేని నంబరొకటి రాసి నా మాత్రలు కూడా అందులోనే పెట్టుకున్నాను. పనిలో ఉండగా ఒకటి తీసి నోట్లో వేసుకుంటే చూసేవాడు లేడు, అడిగేవాడు లేడు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇదంతా డాక్టరమ్మకి చెబుతుంటే ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఇవి గర్భం రాకుండా వేసుకునే మాత్రలు" అంది.

నేనే నవ్వేశాను. "నాకా? ఈ వయసులోనా? కడుపు రావడం కూడా చూస్తానంటారా ఇంక!"

ఆవిడ అప్పటికే నా చేతికి బీపీ పట్టీ చుట్టేస్తోంది. తలనొప్పి ఉంటోందా అంది. ఉంటోంది. రొమ్ముల్లో సలపరమా? అవును. పిక్కల్లో నొప్పి గానీ వాపు గానీ? లేదన్నాను. నా మాట నమ్మకుండా రెండు కాళ్ళూ నొక్కి చూసింది.

"చూడ్డానికి ఒకేలా ఉంటాయి, రెంట్లోనూ ఉండేవి హార్మోన్లే. కానీ వీటిలో మోతాదు వేరు, పని వేరు. మీ వయసులో, పైగా ఇంత బీపీతో ఇవి మింగితే రక్తం గడ్డలు కట్టొచ్చు. ఈ క్షణం నుంచి ఆపెయ్యండి. రక్తం కనబడటానికి ఇవే కారణం కావచ్చు. కావచ్చని నేను ఊరుకోను, స్కాన్ తీయాల్సిందే."

పక్కగదిలో స్కాన్ అయింది. గర్భసంచి లోపలి పొర పలచగానే ఉందట, భయపడాల్సిందేమీ కనబడలేదట. మళ్ళీ చుక్క కనబడినా వెంటనే రమ్మంది. ఇన్నాళ్ళూ నెత్తిన మోసిన బండరాయి దిగిపోయింది. లేచి నిలబడ్డాను. దణ్ణం పెట్టి గుమ్మం దాకా వెళ్ళాను కూడా.

"ఇస్త్రీ అక్కా" అని పిలిచింది డాక్టరమ్మ. ఆవిడ బట్టలూ మా దగ్గరికే వస్తాయి. "ఇవి మీ దగ్గరున్నాయంటే, మీవి ఎవరి దగ్గరున్నట్టు?"

గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. ఆ సొరుగులో చెయ్యిపెట్టే ఆడవాళ్ళం ముగ్గురం. నేను, మా అత్తగారు, నా తోడికోడలు చిన్నది.

"నా మాత్రలు... అవి వేసుకుంటే గర్భం ఆగుతుందా అమ్మా?"

"ఆగదు. అవి ఒంట్లో తగ్గిపోయినదాన్ని కొంచెం భర్తీ చేసేవి మాత్రమే. ఎవరని నేను అడగను, మీరూ నాకు చెప్పొద్దు. ఎవరైనా సరే, ఇవాళే పరీక్ష చేసుకోమనండి. ఉందని తేలితే ఆలస్యం చెయ్యకుండా ఇక్కడికి రమ్మనండి."

నాకు చెమటలు పోశాయి. ఇది ఆ వేడి చెమట కాదు.

చిన్నదాని సంగతి మీకు చెప్పాలి. అది మా ఇంటికి వచ్చినప్పటి నుంచి నా వెనకాలే తిరిగిన పిల్ల. ముప్పై అయిదు దాటినా నాకు పిల్లే. క్రితం ఏడాది దానికి నెల తప్పింది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. పిండం గర్భసంచిలో పడకుండా పక్కనుండే గొట్టంలో పడిందని అప్పుడు మాకెవరికీ తెలియదు. ఒకనాడు దుకాణంలో దుప్పట్లు మడతపెడుతూ మడతపెడుతూ కూలిపోయింది. గొట్టం పగిలి లోపలే రక్తం కారిపోయింది. వ్యాన్‌లో దాని తల నా ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళిన దాన్ని నేనే. ఆ గొట్టం తీసేసి ప్రాణం నిలబెట్టారు. ఇంక రెండోవైపు గొట్టం ఒక్కటే మిగిలింది. మళ్ళీ అలా జరిగే అవకాశం మామూలు వాళ్ళకంటే దీనికి ఎక్కువని, ఒళ్ళు కుదురుకునే వరకూ ఆగమని, మళ్ళీ నిలిస్తే మొదట్లోనే వచ్చి స్కాన్ తీయించుకోవాలని మరీమరీ చెప్పి పంపారు. మరి మా అత్తగారు మనవడి సంగతి అడిగినప్పుడల్లా 'చూస్తున్నాం అత్తయ్యా' అని తలొంచుకుని చెబుతుంటే, నిజంగానే చూస్తున్నారనుకున్నాను నేను కూడా.

మందుల షాపులో గర్భపరీక్ష పుల్ల అడిగాను. కుర్రవాడు చేతిలోని పుల్ల వైపు, నా నెరిసిన జుట్టు వైపు మార్చి మార్చి చూశాడు. "ఏం నాయనా, చూడ్డం అయిపోతే ఇస్తావా?" అన్నాను. ఇచ్చాడు. బస్సు కోసం ఆగే ఓపిక లేక నడక అందుకున్నాను. సగం దూరం వచ్చాక ఒంట్లో మళ్ళీ సెగ లేచింది. ఒక గోడ పట్టుకుని ఆగాల్సి వచ్చింది. ఛీ, ఇదొకటి నా ప్రాణానికి! చెమట తుడుచుకుని మళ్ళీ నడిచాను.

దుకాణంలో పెద్ద మిషన్లు రెండూ గిరగిరా తిరుగుతున్నాయి. మగవాళ్ళిద్దరూ హోటల్ దుప్పట్లు ఇవ్వడానికి వ్యాన్ వేసుకుని వెళ్ళారు. మా అత్తగారు కౌంటర్ దగ్గర స్టూలు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తోంది. చిన్నది వెనక ఆవిరి ఇస్త్రీ దగ్గర ఉంది. నేను సరాసరి వెళ్ళి ఆవిరి మీట ఆపేశాను.

"ఏంటక్కా, ఇంకా ఆరు చొక్కాలున్నాయి."

"చొక్కాలు ఎక్కడికీ పోవు. నీ గుండీల ప్యాకెట్టు తీసుకురా."

"ఏ గుండీలు?"

"నీవి. ఏ కోటుకీ లేని గుండీలు."

దాని ముఖంలో నెత్తురు చుక్క లేదు. చెయ్యి పట్టుకుని వేలాడేసిన కోట్ల వెనక్కి లాక్కుపోయాను. అక్కడ ప్లాస్టిక్ కవర్లు ముఖానికి అతుక్కుంటాయి, ఊపిరాడదు. అయినా మాట బయటికి పోకుండా ఉండేది అదొక్కటే చోటు.

"నీకెవరు చెప్పారు?" అంది గొణుగుతున్నట్టు.

"ఎవరూ చెప్పలేదు. మింగాను. నీ మాత్రలు నేను మింగాను!"

దానికి అర్థం కాలేదు. నాకేమో ఆగే సహనం లేదు. ఆసుపత్రిలో జరిగిందంతా గబగబా కక్కేశాను. చివర్లో గొంతు పెరిగిపోయింది. "ఇంతింత దాచుకోవడాలేంటే నా దగ్గర? నేనేమైనా పరాయిదాన్నా? నీ తల ఒళ్ళో పెట్టుకుని ఏడ్చినదాన్నే, ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయింది?"

చిన్నది నోట్లో నాలుక లేని మనిషని అందరూ అంటారు. వాళ్ళెవరూ ఆ రోజు దాన్ని చూడలేదు.

"నువ్వు చెప్పావా? నీకు ఒళ్ళు కాలిపోతోందని, రాత్రిళ్ళు వరండాలో తిరుగుతున్నావని, మందు వాడుతున్నావని నాకు చెప్పావా? రక్తం కనబడిందన్న సంగతి ఇప్పుడు చెబుతున్నావు! ఏదో జబ్బని భయపడుతూ పక్కనే నిలబడి నాతో చొక్కాల లెక్క మాట్లాడావు. నేను పరాయిదాన్నా మరి?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఒక కోటు కవరు సర్దాను.

"మా ఆయనకి తెలుసు" అంది కాస్త తగ్గి. "ఆయనే తెచ్చిపెడతాడు. నాకంటే ఆయనకే ఎక్కువ భయం. అత్తయ్య ఆశగా అడుగుతుంటే వద్దనుకుంటున్నామని చెప్పడానికి నోరు రాలేదు. అట్టతో పెట్టుకుంటే చెత్తబుట్ట పాలవుతాయి. అందుకని..."

"అందుకని గుండీల సొరుగు."

"నీకెలా తెలుసు?"

"ఎలాగంటే, నాదీ అదే బుర్ర కాబట్టి!"

ఒక్క క్షణం ఇద్దరికీ నవ్వు వచ్చినంత పనైంది. అంతలోనే దాని కళ్ళు నిలిచిపోయాయి. లెక్క ఇప్పుడు దాని బుర్రకెక్కింది.

"అంటే అక్కా... నేను వేసుకున్నవి నీవా?"

తలూపాను.

"మధ్యలో మాత్రలు మానేసే వారంలో నెలసరి రావాలి కదా. ఈసారి రాలేదు. ఒక్కోసారి మాత్రల వల్ల రాకపోవచ్చన్నారు కదా, అదేలే అనుకున్నాను." అక్కడే ఉన్న మూట మీద కూలబడిపోయింది. "అవి దేన్నీ ఆపవా? కొంచెం కూడా?"

"ఆపవంట."

"ఎవరు మార్చారు? చీటీ నేను రాసిందే ఉంది. నా చేతిరాతే."

నా ప్యాకెట్టుకీ నా చేతిరాత చీటీయే ఉంది. కోట్ల మధ్య నుంచి తల బయటపెట్టి, "అత్తయ్యా, ఈ మధ్య సొరుగు ఎవరైనా సర్దారా?" అని కేకేశాను.

"నేను తప్ప ఈ కొంపలో సర్దేవాళ్ళెవరు?" అంది ఆవిడ కూర్చున్నచోటు నుంచే, గర్వంగా. "ప్యాకెట్లన్నీ జిడ్డోడుతున్నాయి. అన్నీ విప్పి, కొత్తవాటిల్లో పోసి, ఎవరి చీటీ వాళ్ళకి కట్టాను. రెండింట్లో చిల్లుల్లేని గుండీలున్నాయి. ఏ మహానుభావుడి కోటువో గానీ, సూది దూరడానికి చోటే లేదు. వాటిని కుట్టడం ఎలాగే?"

మా అత్తగారి చూపు తగ్గిందని మా అందరికీ తెలుసు. ఆవిడకి మాత్రం తెలియదు, తెలుసుకోదు. కళ్ళడాక్టరు పేరెత్తితే, నా కళ్ళకేం రోగం అని ఇంతెత్తున లేస్తుంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి తన్నుకొచ్చాయి. చిన్నది మాత్రం నవ్వలేదు, ఏడవలేదు. మూట మీద అలా కూర్చుని చేతుల వైపు చూసుకుంటోంది.

ఇంక దాచి ప్రయోజనం లేదు. మా ఇద్దరి సంగతీ ఆవిడకి చెప్పేశాను. పెద్దకోడలు ఏం మింగుతోందో, చిన్నకోడలు ఏం మింగుతోందో, ఆవిడ చేతిలో ఏది ఏదయిందో అంతా. ఆవిడ కేకలేస్తుందని నడుం బిగించుకునే ఉన్నాను. ముందు వేసింది కూడా.

"మాత్రలు తెచ్చి గుండీల్లో పెట్టుకుంటే తప్పు నాదా? చోద్యం కాకపోతే! రేపు ఉప్పు తీసుకెళ్ళి సర్ఫు డబ్బాలో పోసుకోండి, అదీ నా మీదికే రాని!"

నిజమే కదా. ఆ తర్వాత ఆవిడ స్టూలు దిగి మూట దగ్గరికి వచ్చింది. క్రితం ఏడాది ఆసుపత్రి వరండాలో గోడకి ఆనుకుని నిలబడిన మనిషే ఆవిడ కూడా. చిన్నదాని వైపు చూసి, "వద్దని నాతో చెబితే నేను కాదంటానా? నిన్ను పోగొట్టుకుని మనవణ్ణి ఎత్తుకుంటానా?" అంది. మాటలో కోపమే ఉంది, చెయ్యి మాత్రం దాని తల నిమురుతోంది.

"కబుర్లు తర్వాత" అన్నాను. నాకు నిలబడితే నిలబడాలనిపించదు, కూర్చుంటే కూర్చోవాలనిపించదు. సంచిలోంచి పరీక్ష పుల్ల తీసి చిన్నదాని చేతిలో పెట్టి బాత్రూమ్ వైపు తోశాను. "ఒక గీతైతే ఏమీ లేనట్టు. రెండైతే ఉన్నట్టు. పో."

అది లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. నేను ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఎవరో వచ్చి, నా పాంటు అయిందా అన్నాడు. రేపు రమ్మన్నాను. ఇవాళ ఇస్తానన్నారుగా అన్నాడు. "ఇవాళ ఇవ్వను పో నాయనా" అనేశాను. ఇలా అన్నానని మా ఆయనకి తెలిస్తే ఇంకో గొడవ. మిషన్ ఒకటి ఆగి బీప్ బీప్ మంటోంది. ఎవరూ దాని దగ్గరికి వెళ్ళలేదు.

"ఏమైందే?" అని తలుపు కొట్టాను.

"ఆగక్కా. కాసేపు ఉంచాలంట."

అత్తగారు పెదాలు కదుపుతోంది. ఏదో మొక్కుకుంటోందో, మమ్మల్ని తిట్టుకుంటోందో తెలియలేదు.

తలుపు తెరుచుకుంది. చిన్నది పుల్లని బోర్లా తిప్పి పట్టుకుని కళ్ళు మూసుకుని నిలబడింది. "నేను చూడలేను. నావల్ల కాదు. నువ్వు చూసి చెప్పక్కా" అని చెయ్యి చాచింది.

నేను అందుకునేలోపే మా అత్తగారు లాగేసుకుంది. వీధి గుమ్మం దాకా వెళ్ళి, వెలుతురులో దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, పైకెత్తి చూసింది.

"ఒకటే" అంది. "ఒక్కటే గీత. నిక్షేపంలా ఉన్నావులే."

"నిజంగానా అత్తయ్యా?"

"నీ మీద ఒట్టు. నాకు కనబడట్లేదా ఏంటి!"

చిన్నది మూట మీదికి దబ్బున కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, నవ్వు ఆగట్లేదు. దాన్ని చూసి అత్తగారూ నవ్వుతోంది. చిల్లుల్లేని గుండీలు అని ఒకరు, సర్ఫు డబ్బా అని ఒకరు. వాళ్ళిద్దరూ అలా కలిసి నవ్వి ఎన్నాళ్ళయిందో. నేనూ నవ్వు అందుకోబోయాను. అత్తగారి చేతిలోంచి పుల్ల తీసుకుని కిందికి చూశాను.

ఒక గీత చిక్కగా ఉంది. దాని పక్కనే రెండోది. లేతగానే ఉంది గానీ ఉంది. పుల్లని తిప్పి చూశాను, కళ్ళు నులుముకుని చూశాను. పోలేదు.

ఎలా చెప్పను? అది అలా నవ్వుతోంటే ఏ నోటితో చెప్పను? ఇంకొక్క నిమిషం నవ్వుకోనిద్దామా అనిపించింది. ఆ ఒక్క నిమిషమైనా దానికి ఇద్దామనే అనుకున్నాను.

"అబ్బా..." అంది చిన్నది. నవ్వు సగంలో ఆగింది. కుడివైపు పొత్తికడుపు మీద చెయ్యి నొక్కుకుని కాస్త ముందుకి వంగింది. "నవ్వి నవ్వి పక్క పట్టేసిందక్కా."

పోయినసారి తీసేసిన గొట్టం ఎడమవైపుది.

"చిన్నీ," అన్నాను, "నవ్వాపి చెప్పులేసుకో."